ఇంగ్లీషులో ‘అన్‌డిసైడెడ్’ అనే మాటను ఎలా వాడాలి?

ఉద్యోగానికి పిలుపు వచ్చింది. చేరాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఆ సంగతే ఇంగ్లీషులో చెప్పబోయి చాలామంది ‘ఐ డిడ్ నాట్ డిసైడెడ్’ అంటారు. ‘డిడ్’ వచ్చాక మళ్లీ ‘డిసైడెడ్’ రాకూడదు. ఈ చిక్కు లేకుండా చెప్పడానికి హాయైన మాట ఒకటుంది: ‘ఐ యామ్ అన్‌డిసైడెడ్’.

ముందుగా, ఇది క్రియ కాదు, విశేషణం అని గుర్తుపెట్టుకోండి. కాబట్టి ‘ఐ అన్‌డిసైడెడ్’ అంటే వాక్యం కుంటుతుంది. మధ్యలో ‘యామ్’, ‘ఈజ్’, ‘వాజ్’ లాంటిదేదో ఉండాలి. పలికేటప్పుడు ఊనిక ‘సై’ మీద. చివర ‘డెడ్’ అని రాస్తున్నాం కానీ, నోట్లో అది ‘డిడ్’కు దగ్గరగా పలకాలి.

తర్వాత, దేని గురించో చెప్పండి. నామవాచకం వస్తే ‘అబౌట్’ గానీ ‘ఆన్’ గానీ చాలు: ‘అన్‌డిసైడెడ్ అబౌట్ ద జాబ్’. రెండింటి మధ్య ఊగిసలాట అయితే ‘బిట్వీన్’. పని గురించి చెప్పాలంటే ‘అన్‌డిసైడెడ్ వెదర్ టు జాయిన్’. మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ‘వెదర్’ వదిలేసి ‘అన్‌డిసైడెడ్ టు జాయిన్’ అంటారు. ‘చేరాలా వద్దా’లో ఉన్న ఆ రెండు వైపుల ప్రశ్నను మోసేది ‘వెదర్’ ఒక్కటే. (వాతావరణం వెదర్‌కు స్పెల్లింగు వేరు. రాసేటప్పుడు జాగ్రత్త.)

ఇప్పుడు తెలుగు ఎలా సాయపడుతుందో చూడండి. మనిషి ‘తేల్చుకోలేదు’, విషయం ‘తేలలేదు’ అని మనం రెండు మాటలు వాడతాం. ఇంగ్లీషులో రెండింటికీ ఇదొక్కటే. పెళ్లి తేదీ ఇంకా ఖాయం కాకపోతే ‘ద డేట్ ఈజ్ స్టిల్ అన్‌డిసైడెడ్’ అనవచ్చు.

‘ఇండిసైసివ్’తో మాత్రం కలపకండి. తేల్చుకోని మనిషి అన్‌డిసైడెడ్; తేల్చుకోలేని మనిషి ఇండిసైసివ్. మధ్యలో ఉన్నది ‘లే’ అనే ఒక్క అక్షరమే కానీ, మొదటిది ఇవాళ్టి స్థితి, రెండోది ఆ మనిషి స్వభావం. చీరల కొట్టులో పది నిమిషాలు ఆలోచించినవారిని ఇండిసైసివ్ అంటే నొచ్చుకుంటారు, న్యాయంగానే.

ఎన్నికల వార్తల్లో ‘అన్‌డిసైడెడ్ ఓటర్స్’ అని వస్తుంది. దీన్ని ‘తటస్థ ఓటర్లు’ అని తెలుగు చేస్తే నాకు మింగుడుపడదు. తటస్థుడు ఏ పక్షమూ వహించనివాడు. వీళ్లు ఏదో ఒక పక్షం వహించబోతున్నవారు, ఎటన్నది తేలలేదు, అంతే. ‘గోడ మీద పిల్లి’ అసలే కాదు, అందులో అవకాశవాదమనే ఎత్తిపొడుపు ఉంది. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన నోటా మీట నొక్కేవారూ వీళ్లలోకి రారు. ఎవరూ వద్దని వాళ్లు తేల్చేసుకున్నారు కదా!

ఈ మాటలో చిన్నతనమేమీ లేదు. మా మేనల్లుడు అమెరికా కాలేజీకి దరఖాస్తు నింపుతూ, ప్రధాన సబ్జెక్టు ఏమిటన్న చోట దీన్నే ఎంచుకున్నాడు. పక్కనే ఉన్న మా బావ కంగారుపడిపోయాడు. ‘ఏం చదవాలో తెలియదని మనమే రాసిస్తే సీటెవరిస్తారురా?’ అక్కడ చాలా కాలేజీల్లో చేరిన కొంతకాలానికి గానీ సబ్జెక్టు ప్రకటించనక్కర్లేదని, ‘తెలియదు’ వేరు, ‘ఇంకా తేల్చుకోలేదు’ వేరు అని నచ్చజెప్పాను. బావ శ్రద్ధగా విన్నాడు.

‘సరే, మరి కంప్యూటర్ సైన్స్ అని ఎప్పుడు తేల్చుకుంటాడు?’ అన్నాడు.