జాకెట్టు కంటే ముందు సంచి: కుట్టుమిషన్ కొత్తగా పట్టేవారికి

మిషన్ ఇంటికి రాగానే జాకెట్టు కుట్టేయాలని చాలామందికి ఉబలాటం. కానీ చంక వంపు, డార్ట్లు (ఒంటికి అమరేలా వేసే మడత కుట్లు), మెడ పట్టీ, హుక్సుల పట్టీ అన్నీ ఒకేసారి మీద పడితే తేడా ఎక్కడ వచ్చిందో కూడా అంతుపట్టదు. ముందు సంచి కుట్టండి. అన్నీ తిన్నని కుట్లే, పైగా పావు అంగుళం అటూ ఇటూ అయినా కూరగాయలకు ఏమీ తెలియదు.

కాలితో తొక్కే మిషనైతే మొదట దారం లేకుండా, గీతల నోటుపుస్తకం కాగితం మీద గీత వెంట సూది నడపండి. కాగితానికి పాత సూదే వాడండి, మొద్దుబారిపోతుంది. ప్రతిసారీ చక్రాన్ని చేత్తో మన వైపుకు తిప్పాకే తొక్కడం మొదలుపెట్టాలి. వెనక్కి తిరిగిందంటే దారం చిక్కుపడి తెగుతుంది.

సూదికి ఒక వైపు చదునుగా, ఎదురు వైపు పొడవాటి గాడి ఉంటుంది. దారం ఎక్కించాల్సింది గాడి ఉన్న వైపు నుంచి. సూదిని పైకంటా తోసి బిగించాలి, కొంచెం కిందికి ఉన్నా కుట్లు దాటేస్తుంది. మామూలు నూలు గుడ్డకు 14 నంబరు, మందపాటి కాన్వాస్‌కు 16 లేదా 18, పల్చని వాయిల్‌కు 11 సరిపోతాయి. కుట్టు పొడవు చూపే మీట మీది అంకెలు మిషన్‌కొక రకంగా ఉంటాయి. వాటిని నమ్మకుండా ఒక ముక్క మీద కుట్టి టేపు పెట్టి లెక్కపెట్టండి. అంగుళానికి 10 కుట్లు పడితే సరి, కాన్వాస్‌కు 8 చాలు.

ఇక గుడ్డ. కేస్‌మెంట్ అనే కాస్త మందపాటి నూలు గుడ్డ మంచిది: జారదు, సాగదు, నాలుగు మడతలైనా సూది దిగుతుంది. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉంటే ముప్పావు మీటరు తీసుకోండి. రెండు మూడు గంటలు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకుకే గుడ్డ కుంచించుకుపోయి కుట్ల వెంట ముడతలు పడతాయి. కొట్లో కోసిన అంచు తిన్నగా ఉంటుందనుకోవద్దు. పేక పోగు (అడ్డంగా నేసిన పోగు) ఒకటి లాగితే సన్నని గీత పడుతుంది, దాని వెంట కోయండి.

ముక్కలు ఇవి: 17 అంగుళాల వెడల్పు, 18 ఎత్తుతో రెండు, పిడులకు 4 అంగుళాల వెడల్పు, 24 పొడవుతో రెండు. భుజానికి తగిలించుకోవాలంటే పిడి 28 అంగుళాలు ఉండాలి. పెద్ద ముక్కలు పక్కపక్కన 34, పిడులు 8, మొత్తం 42 అంగుళాలు. కాబట్టి పన్నాలో ఇమిడిపోతాయి. పిడి పొడవు పడుగు (నిలువు పోగుల) వైపే రావాలి, బరువుకు తక్కువ సాగుతుంది. పెద్ద ముక్కను మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ ఒకటి కాకపోతే గుడ్డ వంకర పోయినట్టే.

పిడిని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేయండి. విప్పి, రెండంచులనూ మధ్య గీతకు తెచ్చి మళ్లీ మడిస్తే ఒక అంగుళం పట్టీ అవుతుంది. రెండు అంచుల వెంటా కుట్టేయండి.

అంచులు అల్లే ఓవర్‌లాక్ మిషన్ లేకపోయినా పోగులు లేవకుండా ఫ్రెంచ్ కుట్టు వేయవచ్చు. గుడ్డ మంచి వైపు బయటికి ఉంచి, రెండు పక్కలూ, కింది అంచూ పావు అంగుళంలో కుట్టండి. మిగిలిన అంచును సగానికి కత్తిరించి, సంచిని తిరగేసి, ఇస్త్రీ చేసి, మళ్లీ పావు అంగుళంలో కుట్టండి. పోగులు లోపల మూసుకుపోతాయి. మొదటి అంచు కత్తిరించకపోతే మాత్రం రెండో కుట్టు లోంచి పోగులు బయటికి పొడుచుకొస్తాయి.

సంచి అడుగు భాగానికి వెడల్పు కావాలి కదా. తిరగేసి ఉన్న సంచిలో మూలను పట్టి, పక్క కుట్టు అడుగు కుట్టు మీద పడేలా త్రికోణంగా పరచండి. కొన నుంచి 2 అంగుళాలు కొలిచి అడ్డంగా గీత గీస్తే, ఆ గీత సరిగ్గా 4 అంగుళాలు ఉంటుంది. దాని మీద రెండుసార్లు కుట్టండి. కొలత గుడ్డ అంచు నుంచి కాదు, కుట్లు కలిసిన చోటు నుంచి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. రెండో మూలా ఇంతే.

పై అంచును అర అంగుళం, ఆ పైన ఒకటిన్నర అంగుళం లోపలికి మడవండి. మధ్య నుంచి అటు 3, ఇటు 3 అంగుళాల దూరంలో పిడి కొసలను మడత కిందికి అంగుళం మేర దూర్చి, మడత కింది అంచు వెంట చుట్టూ కుట్టండి. తర్వాత పిడిని పైకి తిప్పి, పై అంచు దగ్గర చదరం, దాని మధ్య ఇంటూ గుర్తు కుట్టండి. ఇక్కడ పొరలు ఎక్కువ కనుక తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి. సంచి 12 అంగుళాల వెడల్పు, 4 లోతు, 13న్నర ఎత్తు వస్తుంది.

మధ్యలో మిషన్ మొరాయిస్తే మెకానిక్ కంటే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గుడ్డ కింద దారం గుట్టగా చేరితే అందరూ బాబిన్‌ను (కింది దారం చుట్టే చిన్న చక్రాన్ని) తిడతారు గానీ, చాలాసార్లు తప్పు పై దారానిది: దారాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు దిగి ఉండదు. గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి దారం మొత్తం మళ్లీ ఎక్కించండి, ఎందుకంటే పాదం కిందికి ఉంటే బిళ్లలు మూసుకుని ఉంటాయి. ఉచ్చులు గుడ్డ పైన కనిపిస్తే బాబిన్ కేస్ వదులైనట్టు. దాని దారం పట్టుకుని వేలాడదీసి చిన్నగా కుదిపితే అంగుళం రెండంగుళాలు దిగి ఆగాలి. జర్రున జారిపోతే పక్కనున్న చిన్న స్క్రూను కాస్తంత, పావు చుట్టుకు మించకుండా, బిగించండి. సూదులు తరచూ విరుగుతుంటే మీరు గుడ్డను వెనక నుంచి లాగుతున్నారన్నమాట. గుడ్డను జరిపేది పాదం కింది పళ్లు, మన చేతులు దారి చూపిస్తే చాలు. కుట్టు మొదట్లో రెండు దారాలనూ వెనక్కి పట్టుకోండి.

సంచులు రెండు మూడు అయ్యాక ఆరు ముక్కల లంగాకు వెళ్లండి, పాప్లిన్‌తో. సీటు (పిరుదుల చుట్టు) కొలత 38 అంగుళాలైతే వదులు 4 కలిపి 42. ఆరుతో భాగిస్తే 7, కుట్టుకు ఒకటి కలిపితే ముక్క పైన 8 అంగుళాలు. కింద 12 పెట్టండి. పొడవు 38 కావాలంటే నాడా మడతకు ఒకటిన్నర, కింది మడతకు ఒకటి కలిపి 40న్నర కోయాలి. ముక్కలను ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా పేరిస్తే 44 పన్నాలో నాలుగు వస్తాయి. మిగతా రెండూ రెండో పొడవులోంచి, కనుక రెండుంబావు మీటర్లు కొనండి. ఏటవాలు అంచులు సాగుతాయి. అందుకే ప్రతి కుట్టూ వెడల్పున్న కింది వైపు నుంచి నడుము వైపుకే వేయాలి. ఒక కుట్టులో పైన రెండున్నర అంగుళాలు వదిలేస్తే నాడాకు దారి. నాడా మడత అర అంగుళం, ఆపైన ఒక అంగుళం. కింది మడత అప్పుడే కుట్టకండి: ఒక రాత్రి నాడాతో వేలాడదీస్తే ఏటవాలు అంచులు దిగాల్సినంత దిగుతాయి. పొద్దున పొడవు సరిచూసి, ఎక్కువైన చోట కత్తిరించి మడవండి.