పడవ అడుగుకు రంధ్రం పెట్టే ముందు: లోతు చూపే ట్రాన్స్‌డ్యూసర్ బిగింపులో జాగ్రత్తలు

జూరాల గేట్లు లేచి వరద శ్రీశైలం దారి పట్టిందంటే సోమశిలలో, ఆ తర్వాత నందికొండలో (నాగార్జునసాగర్ దగ్గర) లాంచీలు ఒడ్డున ఆగవు. డెప్త్ సౌండర్, అంటే నీళ్లలోకి శబ్దం పంపి, అది నేల తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి లోతు చూపే యంత్రం, పెట్టించే ఆలోచన ఉంటే ఆలోపే, బోటు ఒడ్డెక్కి బాగా ఎండిన రోజుల్లోనే పని కానియ్యాలి. ఎండకాలం నీళ్లు దిగినప్పుడు సోమశిల ఎదురుగా సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. మునిగిన ఊళ్ల గోడలు, చెట్ల మొద్దులు కూడా కనబడతాయి. వరద వచ్చాక వాటి మీదుగానే మన దారి. శ్రీశైలం మట్టం 885 అడుగులంటే అది సముద్రమట్టం నుంచి లెక్క. మన బోటు కింద ఎన్ని అడుగుల నీళ్లున్నాయో ఆ అంకె చెప్పదు.

ముందు బోటు అడుగు దేనితో చేశారో చూసి ట్రాన్స్‌డ్యూసర్ (ఆ శబ్దాన్ని పంపి, తిరిగి అందుకునే భాగం) కొనండి. ఉక్కు, అల్యూమినియం బోటుకు కంచుది పెట్టొద్దు. రెండు వేరు లోహాలు నీళ్లలో ఒకదానికొకటి తగిలి ఉంటే బ్యాటరీలాగా పని చేస్తాయి. కంచు నిలుస్తుంది, రంధ్రం చుట్టూ ఉన్న రేకు తరుగుతుంది. మంచినీళ్లలో ఇది సముద్రంలో అంత జోరుగా జరగకపోయినా జరగడం మాత్రం ఖాయం. రేకు బోటుకు ప్లాస్టిక్‌ది, లేదా విడదీసే ప్లాస్టిక్ తొడుగుతో వచ్చే స్టెయిన్‌లెస్ స్టీల్‌ది తీసుకోండి. చెక్క పడవకు కంచుదే సరి. చెక్క నాని ఉబ్బితే, రంధ్రంలో దూరే ప్లాస్టిక్ ట్రాన్స్‌డ్యూసర్ గొట్టం పగులుతుంది. ఫైబర్ బోటుకు రెండూ పనికొస్తాయి.

అసలు రంధ్రం అవసరమా అని కూడా ఆలోచించండి. ఫైబర్ అడుగు మధ్యలో నురుగు, చెక్క పొరలేవీ లేకుండా నిండుగా ఉంటే లోపలి వైపే అంటించే రకం దొరుకుతుంది. సంకేతం కొంత తగ్గినా మన జలాశయాల లోతుకు చాలు. చిన్న బోటుకు మేం చెప్పేది అదే. ఫ్రీక్వెన్సీ 200 కిలోహెర్ట్జ్ సరిపోతుంది, సముద్రపు లోతులకు వాడే 50 ఇక్కడ అక్కర్లేదు.

స్థలం ఎంపికలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. ట్రాన్స్‌డ్యూసర్ ముఖం మీదుగా బుడగలు లేని నీళ్లు పారాలి. గాలి బుడగ వస్తే శబ్దం అక్కడే ఆగిపోయి, బోటు వేగం పెరగగానే అంకె మాయమవుతుంది. ఇంజిన్ లోపల ఉన్న లాంచీకి ప్రొపెల్లర్ కంటే బాగా ముందు, నీళ్లు లాగే రంధ్రాలకు, అడుగున పొడుచుకొచ్చిన పట్టీలకు వెనక వరసలో పడకుండా చూడండి. ఒడ్డుకు లాగేటప్పుడు బోటు బరువు ఆనే చోటు కూడా వద్దు. అడుగు వాలుగా ఉంటే శబ్దం పక్కకు పోతుంది. 12 లేదా 20 డిగ్రీల వంపుతో తయారైన రకం తీసుకోండి, లేకపోతే వాలుకు సరిపడా కోసిన దిమ్మె పెట్టి ముఖాన్ని నేరుగా కిందికి తిప్పండి.

తడి నేల మీద కరెంటు డ్రిల్లు ప్రమాదం, బ్యాటరీ డ్రిల్లే వాడండి. ఫైబర్ పొడికి మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. ముందు 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం లోపలి నుంచి వేసి, బయటికొచ్చి అది సరైన చోటే పడిందా అని చూడండి. తర్వాతే బయటి నుంచి హోల్‌సా (గుండ్రని రంధ్రం కోసే రంపం). చాలా రకాలకు 51 మిల్లీమీటర్ల రంధ్రం పడుతుంది, అయినా పెట్టెలోని కాగితం చూడకుండా కోయొద్దు. అడుగు మధ్యలో నురుగు, బాల్సా (తేలికైన మెత్తని చెక్క) పొర ఉంటే రంధ్రం చుట్టూ ఆ మెత్తని పొరను ఇంకో 12 మిల్లీమీటర్ల మేర తవ్వి తీసి, ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక మళ్లీ కోయండి. ఈ పని వదిలేస్తే నట్టు బిగించినప్పుడు పొర నలుగుతుంది, నీళ్లు లోపలికి ఇంకి ఏళ్ల తరబడి అడుగును కుళ్లబెడతాయి.

అంచులు గరుకు కాగితంతో రుద్ది దుమ్ము, జిడ్డు తుడవండి. ప్లాస్టిక్ దానికి అసిటోన్ తగలనియ్యొద్దు. సీలెంట్ (సందుల్లో నీళ్లు కారకుండా పూసే జిగురు) పడవలకు అమ్మే పాలీయురేథేన్ రకమే కావాలి, బాత్రూం సిలికాన్ నీటి కింద నిలవదు. బోటు బయట అడుగుకు ఆనే ట్రాన్స్‌డ్యూసర్ అంచు పళ్లెం లోపలి వైపు, గొట్టం చుట్టూ 2 మిల్లీమీటర్ల మందం పూయండి. బయటి నుంచి దూర్చి, కొద్దిగా తిప్పుతూ ఒత్తితే చుట్టూరా సీలెంట్ సన్నని తీగలాగా బయటికి రావాలి. ఎక్కడైనా ఆ తీగ తెగితే అక్కడే నీళ్లు కారతాయి, తీసి మళ్లీ పూయండి. ప్లాస్టిక్ నట్టు చేత్తో మాత్రమే బిగించాలి, పానా పెడితే మరలు చీలతాయి. చెక్క పడవకు నీళ్లలో నాని ఉబ్బాక ఆఖరి బిగింపు. కేబుల్ పట్టి లాగొద్దు, మధ్యలో కోయొద్దు, ఇంజిన్ వైర్లకు దూరంగా నడపండి.

ట్యూబు మీద రాసినన్ని రోజులు ఆరాకే నీళ్లలోకి దించండి. దించిన క్షణం నుంచే నట్టు చుట్టూ చెయ్యి పెట్టి తడి చూడాలి. మూడు గంటలకు మించి చూడకుండా వదలొద్దు, మొదటి రాత్రి మనిషి కాపలా ఉండాలి. సన్నని చెమ్మ తెల్లారేసరికి బోటు నింపగలదు. రంధ్రానికి సరిపడే చెక్క బిరడా ఒకటి పక్కనే తాడుతో కట్టి ఉంచండి. ప్రయాణికుల లాంచీ అయితే సర్వేకు వచ్చినాయనకు ఈ కొత్త రంధ్రం చూపించండి.

సెట్టింగులో మంచినీళ్లు ఎంచుకోండి. సముద్రపు సెట్టింగులో ఉంటే 50 అడుగుల దగ్గర దాదాపు అడుగు ఎక్కువ చూపుతుంది. ఆ అంకె ట్రాన్స్‌డ్యూసర్ ముఖం నుంచి లెక్కపెడుతుంది కాబట్టి, దాని కంటే కిందికి దిగిన ప్రొపెల్లర్ దాకా ఉన్న ఎత్తు కొలిచి ఆఫ్‌సెట్‌లో (యంత్రం చూపే అంకెను సరిచేసే సెట్టింగు) తీసివేయండి. గడకు కొలతలు గీసి, ఒడ్డు దగ్గర నిదానంగా ఉన్న నీళ్లలో దించి అంకెతో సరిచూసుకోండి. యంత్రం చూపేది బోటు కిందే, ముందు ఉన్న బండ కాదు. ముందు వైపు చూసే మనిషిని ఎప్పటిలాగే నిలబెట్టండి.