టెక్నికల్ పడకుండా సంబరం చేసుకోవడం ఎలా: కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లకి

ముందు లెక్క తెలుసుకోండి, సైగల సంగతి తర్వాత. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో, అంటే ఎన్‌సీఏఏ రూల్స్ ప్రకారం, ఎదుటి ప్లేయర్‌ని రెచ్చగొట్టారని రిఫరీ టెక్నికల్ ఫౌల్ ఇస్తే అవతలి టీమ్‌కి రెండు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) వెళ్తాయి. అంతటితో అయిపోదు, అది మీ పర్సనల్ ఫౌల్స్ లెక్కలో కూడా కలుస్తుంది. కాలేజీలో ఐదు ఫౌల్స్ పడితే బయటికే. అలాంటి టెక్నికల్స్ రెండు పడితే ఫౌల్స్ లెక్కతో పనిలేకుండా ఆ మ్యాచ్‌కి ఇక సెలవు. మనం సైగలన్నీ నేర్చుకునేది అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ చూసి, అక్కడేమో టెక్నికల్‌కి ఒక్క ఫ్రీ త్రోనే, పైగా అది ప్లేయర్‌కి ఉండే ఆరు ఫౌల్స్‌లో కలవదు. అక్కడి స్టార్ స్టెఫెన్ కర్రీ రెండు చేతులు చెంపకి ఆనించి ‘ఇక పడుకోండి’ అని చూపిస్తే ముచ్చటగానే ఉంటుంది, కానీ అదే పని కాలేజీ మ్యాచ్‌లో ఎదుటి బెంచ్ ముందుకెళ్లి చేస్తే దానికి కట్టాల్సిన ధర వేరు.

అలాగని నోరు మూసుకుని, చేతులు కట్టుకుని ఆడమని నేను చెప్పను. సంబరం లేని ఆట నాకు నచ్చదు. కబడ్డీలో రెయిడర్ పాయింట్ తెచ్చి తొడ కొడితే ఎలా ఉంటుందో, డిఫెండర్ మీద పడుతున్నా బాల్ వేసి, అతని మీద ఫౌల్ కూడా రాబట్టుకుని, కింద నుంచి లేస్తూ పిడికిలి బిగించడం కూడా అలాగే ఉంటుంది, చూసేవాళ్లకి ఒళ్లు పులకరిస్తుంది. ఒకప్పుడు ఎన్‌సీఏఏ డంక్‌నే, అంటే ఎగిరి బాల్‌ని రింగ్‌లోకి కుక్కడాన్నే, నిషేధించింది, 1967 నుంచి 1976 దాకా ఎవరూ మ్యాచ్‌లో డంక్ చేయకూడదు. ఆ కాలంతో పోలిస్తే ఇప్పుడు ఉన్న స్వేచ్ఛ చాలా ఎక్కువ. దాన్ని వాడుకోవడం తెలియాలి, అంతే.

అసలు విషయం సైగలో లేదు, ముఖం ఎటు తిరిగి ఉందన్న దాంట్లో ఉంది. అదే కండ చూపించడం, అదే అరుపు, మీ బెంచ్ వైపు తిరిగి చేస్తే సంబరం, పడిపోయిన డిఫెండర్ మీదికి వంగి చేస్తే కవ్వింపు. రిఫరీ చూసేది కూడా అదే: ఎవరి వైపు చేశాడు, ఎంత దగ్గరగా చేశాడు, ఎంతసేపు లాగాడు. అందుకే బాల్ నెట్‌లో పడగానే ముందు డిఫెన్స్‌కి వెనక్కి తిరగండి, ఏం చేసినా ఆ పరుగులోనే చేయండి. మూడు వేళ్లు చూపిస్తారా, చూపించండి. చేయి నేలకి దగ్గరగా పెట్టి ‘వీడు మరీ చిన్నోడు’ అనే సైగ మాత్రం వద్దంటాను, అది ఎటు తిరిగి చేసినా ఒక మనిషిని చూపించినట్టే ఉంటుంది. ఇంకొకటి, డంక్ చేశాక రింగ్ పట్టుకుని వేలాడకండి. కింద ఎవరైనా ఉండి, దెబ్బ తగలకుండా పట్టుకుంటే తప్పు లేదు, ఊరికే ఊగితే అదీ టెక్నికలే.

ఈ మొత్తం గొడవ అర్థం కావాలంటే 2023 ఎన్‌సీఏఏ మహిళల ఫైనల్ చూడాలి. ఆ టోర్నమెంట్‌లో అయోవా ప్లేయర్ కెయిట్లిన్ క్లార్క్ లూయీవిల్ మీద 41 పాయింట్లు కొట్టి, ముఖం ముందు చేయి ఆడిస్తూ ‘నేను నీకు కనపడను’ అనే సైగ చేసింది. రెజ్లింగ్ చూసినవాళ్లకి అది జాన్ సీనా సైగ అని తెలుసు. జనం ముచ్చటపడ్డారు. ఆ తర్వాత డల్లాస్‌లో ఫైనల్, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) 102–85తో అయోవాని ఓడించింది, ఆట ముగిసే క్షణాల్లో ఎల్‌ఎస్‌యూ ప్లేయర్ ఏంజెల్ రీస్ క్లార్క్ దగ్గరికి నడిచి అదే సైగ చేసి, ఉంగరం వేలు చూపించింది, అంటే ఛాంపియన్‌షిప్ ఉంగరం నాది అని. అంతే, దేశమంతా రీస్ మీద విరుచుకుపడింది. ఒకే సైగ, తెల్లమ్మాయి చేస్తే పోటీతత్వం, నల్లమ్మాయి చేస్తే పొగరు. ఇది అన్యాయమని అప్పుడే చాలామంది అన్నారు, నేనూ అదే అంటాను. క్లార్క్ కూడా రీస్‌ని ఎవరూ విమర్శించాల్సిన పని లేదని టీవీలో స్పష్టంగా చెప్పింది, ఆ మాటకి ఆమె మీద నాకు గౌరవం పెరిగింది. ఆ సైగలకి ఇద్దరిలో ఎవరికీ టెక్నికల్ పడలేదు. అదే మ్యాచ్ మూడో క్వార్టర్‌లో క్లార్క్‌కి టెక్నికల్ పడింది ఎందుకో తెలుసా? ఆలస్యం చేస్తున్నారని టీమ్‌కి ముందే హెచ్చరిక ఉండగా, బాల్‌ని రిఫరీ చేతికి ఇవ్వకుండా వెనక నుంచి అలా విసిరేసినందుకు. అది ఆమెకి నాలుగో ఫౌల్. కాబట్టి చిరాకులో ఉన్నప్పుడు బాల్‌తో చేసే చిన్న పని, చేత్తో చేసే పెద్ద సైగ కన్నా ఎక్కువ ముంచుతుంది. విజిల్ వినపడిందా, బాల్ తీసుకెళ్లి రిఫరీ చేతిలో పెట్టండి. ఇది అలవాటు కావాలంటే ప్రాక్టీస్‌లో కూడా అలాగే చేయాలి.

కోర్టు మీద చేసే ఎగతాళి ఎదుటివాడి ఇంటిదాకా వెళ్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అదే 2023 సెమీఫైనల్‌లో సౌత్ కరోలినా గార్డ్ రేవెన్ జాన్సన్ త్రీ పాయింట్ లైన్ దగ్గర బాల్‌తో ఒంటరిగా నిలబడితే క్లార్క్ ఆమెని గార్డ్ చేయడానికి కూడా వెళ్లలేదు, పో అన్నట్టు చేయి ఊపింది. కొట్టుకో, నువ్వు కొట్టలేవులే అని. వ్యూహంగా అది సరైనదే, అయోవా 77–73తో గెలిచింది కూడా. కానీ ఆ క్లిప్ ఫోన్లలో తిరిగి తిరిగి జాన్సన్ ఆట మానేద్దామా అనుకునేదాకా వెళ్లింది. మానలేదు. బయటి నుంచి షూటింగ్ మీద పనిచేసింది. 2024 ఫైనల్‌లో క్లార్క్ మొదటి క్వార్టర్‌లోనే 18 పాయింట్లు కొట్టేసింది, ఆ తర్వాత మిగతా మూడు క్వార్టర్లూ కలిపి 12 మాత్రమే, ఆమెని కాచినవాళ్లలో ముందు వరసలో ఉన్నది జాన్సనే. సౌత్ కరోలినా 87–75తో గెలిచి సీజన్ మొత్తం 38–0తో ముగించింది. లీగ్‌లో మళ్లీ మళ్లీ ఎదురయ్యే టీమ్ అయితే ఇది ఇంకా బాగా ఆలోచించుకోవాలి, మీరు ఇవాళ చేసిన వెక్కిరింత వాళ్ల డ్రెస్సింగ్ రూమ్‌లో వచ్చే ఏడాది దాకా ఆడుతూనే ఉంటుంది.

ఇక సమయం. తేడా పాతిక పాయింట్లున్నప్పుడు సంబరం చేసుకోవడంలో అర్థం లేదు, ప్రమాదం మాత్రం ఉంది. 2020 జనవరిలో కాన్సస్, కాన్సస్ స్టేట్ మ్యాచ్ చివరి క్షణాలు గుర్తుచేసుకోండి. కాన్సస్ ఇరవైకి పైగా ఆధిక్యంలో ఉంది, సిల్వియో డి సూసా బాల్ పట్టుకుని గడియారం అయిపోనిస్తున్నాడు. అవతలి కుర్రాడు ఆ బాల్ లాక్కుని రింగ్ దగ్గరి నుంచి వేయడానికి పరిగెత్తాడు. డి సూసా వెంటపడి బ్లాక్ చేశాడు, అక్కడిదాకా మంచి ఆటే. కానీ కిందపడ్డ కుర్రాడి మీద నిలబడి మాటలు అన్నాడు. రెండు బెంచ్‌లూ లేచాయి, గొడవ బాస్కెట్ వెనక వికలాంగులు కూర్చునే చోటిదాకా పాకింది, డి సూసా ఒక స్టూల్ ఎత్తాడు. అతనికి 12 మ్యాచ్‌ల సస్పెన్షన్. గెలుపు ఖాయమైన మ్యాచ్‌లో, స్కోరుకి ఏ సంబంధమూ లేని ఒక బ్లాక్ తర్వాత! పడినవాడి మీద నిలబడకండి. పక్కకి జరగండి, కుదిరితే చేయి ఇచ్చి లేపండి, లేదంటే మీ దారిన మీరు వెనక్కి పరిగెత్తండి.

బెంచ్ మీద కూర్చునేవాళ్లకి మాత్రం స్వేచ్ఛ ఎక్కువ, ఇది చాలామందికి తెలియదు. మంచి ఆట పడినప్పుడు అప్పటికప్పుడు లేచి గంతులేసి, మళ్లీ కూర్చోవచ్చు. కోర్టులోకి అడుగు పెట్టకూడదు, అంతే. దీన్ని కళగా మార్చింది 2015–16లో న్యూజెర్సీలోని మాన్‌మత్ యూనివర్సిటీ బెంచ్. పెద్దగా ఆడే అవకాశం రాని కుర్రాళ్లు కలిసి రిహార్సల్ చేసుకునేవాళ్లు. టీమ్ బాల్ వేయగానే ఒకడు గాలం వేసేవాడు, ఒకడు చేపలా నేలమీద గిలగిల కొట్టుకునేవాడు, మిగతావాళ్లు దాన్ని ఎత్తి పట్టుకుని ఫోటోకి నిలబడేవాళ్లు, అదంతా కొన్ని సెకన్లలో. ఆ ఏడాది వాళ్లు యూసీఎల్‌ఏ, జార్జ్‌టౌన్ లాంటి పెద్ద టీమ్‌లని ఓడించారు, దేశమంతా ఆ బెంచ్‌ని చూడ్డానికే మ్యాచ్‌లు పెట్టుకుంది. అందులో ఒక్కటి గమనించండి, ఆ చేప నాటకంలో ఎదుటి టీమ్ పాత్రే లేదు. మీ టీమ్‌లో కూడా ఇలాంటిది తయారుచేసుకోండి, నలుగురూ కూర్చుని, ముందే అనుకుని, చిన్నగా. తెలుగు కుర్రాళ్లు ఎక్కువున్న ఇంట్రామ్యూరల్ (కాలేజీ లోపలే ఆడుకునే) టీమ్ అయితే మన స్టెప్పులు ఉండనే ఉన్నాయి.

ట్రాష్ టాక్, అంటే ఎదుటివాడిని మాటలతో కవ్వించడం, దాని విషయానికొస్తే, బాగా పనిచేసే మాట ఎప్పుడూ ఆట గురించే ఉంటుంది. ‘ఎడమ చేత్తో వెళ్లలేవు కదా’, ‘స్క్రీన్ కుడి నుంచి వస్తుంది, నాకు తెలుసు’, ‘మళ్లీ అక్కడి నుంచే వేస్తాను చూడు’. ఇందులో బూతు లేదు, అవమానం లేదు, కానీ ఎదుటివాడు ఆలోచనలో పడతాడు, ఎడమకి వెళ్లాలా వద్దా అని తడబడతాడు. దీనికి ముందు హోంవర్క్ కావాలి. వాళ్ల వీడియో చూడని వాడికి చెప్పడానికి ఏమీ ఉండదు, అందుకే బూతుల్లోకి దిగుతాడు. గొంతు తగ్గించి, మామూలుగా మాట్లాడినట్టు అనండి, నవ్వుతూ అనండి, ఆట నడుస్తున్నప్పుడు అనండి. విజిల్ పడి అందరూ నిలబడ్డాక అన్న మాటే రిఫరీ చెవిన పడుతుంది. ఒకసారి అని వదిలేయండి, అదే పనిగా వాగితే ఎదుటివాడికి అలవాటైపోతుంది, మీ ఊపిరే వృథా.

అమ్మ, అక్కచెల్లెళ్లు, రంగు, మతం, దేశం, యాస, గాయం, చదువు, డబ్బు, వీటి జోలికి అస్సలు పోవద్దు. ఎన్ని పాయింట్ల తేడా ఉన్నా, వాడు ముందు అన్నా సరే. మన కుర్రాళ్లకి అమెరికాలో యాస మీదో రంగు మీదో మాట పడటం మామూలే. అలా పడితే తిరిగి అదే స్థాయిలో అనకండి, ఆడటం ఆపకుండా తర్వాతి విజిల్‌కి మీ కెప్టెన్‌కో కోచ్‌కో అన్న మాట అన్నట్టుగా చెప్పండి, వాళ్లు రిఫరీకి చెప్తారు. అది చాడీ చెప్పడం కాదు.

ఓర్చుకోవడం కూడా నేర్చుకోవాలి. ఎప్పుడూ రెండోవాడే దొరుకుతాడు, మొదటి తోపుడు జరిగినప్పుడు రిఫరీ బాల్‌ని చూస్తుంటాడు, తిరిగి తోసేసరికి మీ వైపు తిరిగి ఉంటాడు. 1992లో డ్యూక్ స్టార్ క్రిస్టియన్ లేట్నర్ కిందపడ్డ కెంటకీ ప్లేయర్ అమీను టింబర్లేక్ ఛాతీ మీద కాలు పెట్టి ఒక్క టెక్నికల్‌తో తప్పించుకున్నాడు, అదే మ్యాచ్‌లో ఓవర్‌టైమ్ చివరి షాట్ వేసి 104–103తో గెలిపించాడు కూడా. దాన్ని ఉదాహరణగా తీసుకోకండి. ఇప్పుడు రిఫరీలు మానిటర్ దగ్గరికెళ్లి చూసి బయటికి పంపేస్తారు. టీమ్‌లో ఒకరికి ముందే పని అప్పగించండి: ఎవరికైనా కోపం నషాళానికి ఎక్కితే మధ్యలోకి వెళ్లి, ఛాతీ మీద చేయి వేసి వెనక్కి నడిపించడం. ఆ పని చేసేవాడు నోరు మెదపకూడదు.

గ్యాలరీతో మాత్రం ఏ సంబంధమూ పెట్టుకోవద్దు. డ్యూక్ కామెరాన్ ఇండోర్ స్టేడియంలో 9,314 మంది పడతారు, విద్యార్థులు కోర్టుని ఆనుకునే నిలబడి మీ పేరు పెట్టి పిలుస్తారు. పిలవనివ్వండి. 2014లో ఓక్లహోమా స్టేట్ ప్లేయర్ మార్కస్ స్మార్ట్ టెక్సస్ టెక్ మ్యాచ్‌లో ఒక ప్రేక్షకుణ్ని తోసి మూడు మ్యాచ్‌లు కూర్చోవాల్సి వచ్చింది. మీ బెస్ట్ ప్లేయర్ మూడు మ్యాచ్‌లు లేకపోతే టీమ్ ఏమవుతుందో చెప్పక్కర్లేదు. గ్యాలరీని నిశ్శబ్దం చేసేది షాట్ ఒక్కటే.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఇంటర్ కాలేజీ, ఇంటర్ యూనివర్సిటీ ఆడేవాళ్లకి ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్ ఉంటాయి కాబట్టి లెక్క కొంచెం మారుతుంది: టెక్నికల్‌కి ఒక ఫ్రీ త్రో, అదీ ఐదు ఫౌల్స్‌లో కలుస్తుంది, రెండు టెక్నికల్స్ పడితే బయటికి. ఎదుటివాడి కళ్ల ముందు చేతులు ఆడించి చూపు అడ్డుకోవడం అక్కడ స్పష్టంగా తప్పు, షూటర్ ముఖం మీద చేయి పెట్టే అలవాటున్నవాళ్లు జాగ్రత్త.

మ్యాచ్ అయ్యాక చేతులు కలిపే వరసలో రెండే మాటలు, ‘బాగా ఆడావు’. అక్కడ లెక్కలు తేల్చుకోకండి. 2022లో మిషిగన్ కోచ్ జువాన్ హోవార్డ్ ఆ వరసలోనే విస్కాన్సిన్ అసిస్టెంట్ కోచ్ తలమీద కొట్టాడు, చివర్లో తీసుకున్న ఒక టైమ్ అవుట్ మీద మొదలైన గొడవ అది, అతనికి ఐదు మ్యాచ్‌ల సస్పెన్షన్, 40,000 డాలర్ల జరిమానా పడ్డాయి. కోపం తగ్గలేదనిపిస్తే వరసలో చివర నిలబడండి, మీ వంతు వచ్చేసరికి గొంతు కాస్త దిగుతుంది.