పాత ట్రయంఫ్ బోనవిల్ ఇంజన్‌కి కిక్ కొట్టే ముందు

ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిపోయిన 1960ల నాటి 650 సీసీ బోనవిల్ బైకు (మోడల్ పేరు టీ120) మీ చేతికొస్తే, దయచేసి వెంటనే కిక్ కొట్టకండి.

- అన్నిటికన్నా ముఖ్యం ఆయిల్. ఈ బండికి ఆయిల్ విడిగా ట్యాంకులో ఉంటుంది, చాలాకాలం కదలకపోతే పంపు వాల్వు దాటి మెల్లగా క్రాంక్‌కేసులోకి (ఇంజన్ అడుగు భాగంలోకి) దిగిపోతుంది, అందుకే ట్యాంకు ఖాళీగా ఉంది కదా అని పైనుంచి పోసేయకండి. ముందు క్రాంక్‌కేసు కింది డ్రెయిన్ ప్లగ్ విప్పి ఉన్నదంతా తీసేయండి.
- స్పార్క్ ప్లగ్గులు తీసి, రెండు సిలిండర్లలో చెంచాడేసి ఆయిల్ వేసి, ఒక రాత్రి ఆగి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. పట్టేసి ఉంటే బలం పెట్టొద్దు, పిస్టన్ రింగులు విరుగుతాయి.
- మిల్లీమీటరు స్పానర్లు పక్కన పెట్టి విట్‌వర్త్ (పాత బ్రిటిష్ అంగుళాల కొలత) స్పానర్ల సెట్టు కొనండి. నట్ల మూలలు అరిగిపోయాక చాలా కష్టం.
- బ్యాటరీ పాజిటివ్ వైరే ఫ్రేముకి! తిరగేస్తే రెక్టిఫైయర్ (ఏసీ కరెంటును డీసీగా మార్చే భాగం) పోతుంది.
- ఇంజన్ పూర్తిగా విప్పితే క్రాంకు లోపలి స్లడ్జ్ ట్రాప్ తప్పక శుభ్రం చేయండి, అందులో నల్లటి మడ్డి గట్టిగా పేరుకుని ఉంటుంది.
- స్టార్టయ్యాక ఆయిల్ ట్యాంకు మూత తీసి చూడండి, రిటర్న్ పైపు నుంచి ఆయిల్ బుడగలతో చిమ్ముతూ పడాలి. నిమిషంలోపు రాకపోతే ఆపేయండి.