ఒక్క సింథసైజర్‌తో ఇంట్లోనే ఎలక్ట్రానిక్ సంగీతం చేయడం ఎలా?

పగలు ఉద్యోగం, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సొంత సంగీతం. స్టూడియో లేదు, లేబుల్ లేదు, బల్ల మీద ఒక లాప్‌టాప్, ఒక చిన్న సింథ్, అంటే కరెంటుతో శబ్దాన్ని పుట్టించే సింథసైజర్. ఇలా పనిచేయాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ సింథ్ కొనాలి?" అని. ఏది కొన్నా ఒక్కటే కొనండి, దాని మీద ఒక్క శబ్దాన్నైనా ఖాళీ నుంచి మీ చేత్తో కట్టండి అన్నదే నా జవాబు. రెడీమేడ్ ప్రీసెట్లు ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ వింటుంటే సాయంత్రాలు గడిచిపోతాయి, పాట మాత్రం తయారుకాదు. అందుకే ఇక్కడ ఒకే శబ్దం, ఒకే రాగం, ఒకే తాళం పట్టుకుని మూడు నిమిషాల పాట దాకా వెళ్దాం.

1. ముందు డబ్బు ఖర్చు పెట్టకుండా మొదలుపెట్టండి

సర్జ్ ఎక్స్‌టీ అనే సాఫ్ట్‌వేర్ సింథ్ పూర్తిగా ఉచితం. వైటల్‌కీ, వీసీవీ ర్యాక్‌కీ ఉచిత వెర్షన్లున్నాయి. నేర్చుకోవడానికి వీటిలో ఒకటి చాలు. నేనైతే సర్జ్‌నే తీసుకోమంటాను, కారణం నాలుగో స్టెప్‌లో తెలుస్తుంది. రికార్డ్ చేసి అమర్చుకోవడానికి రీపర్‌ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు.

హెడ్‌ఫోన్స్ మాత్రం వైరు ఉన్నవే వాడండి. బ్లూటూత్‌లో మీట నొక్కిన తర్వాత శబ్దం ఆలస్యంగా వస్తుంది, లయ కుదరదు. ఆడియో సెట్టింగ్స్‌లో బఫర్ అని ఉంటుంది, కంప్యూటర్ శబ్దాన్ని ఒక్కో విడతలో ఎంత పోగుచేసి పంపాలో చెప్పేది అదే. శాంపిల్ రేట్, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తారో ఆ సంఖ్య, 48,000 ఉన్నప్పుడు బఫర్ 128 పెడితే దానివల్ల వచ్చే ఆలస్యం 2.7 మిల్లీసెకన్లు, 512 పెడితే దాదాపు 10.7. వాయించేటప్పుడు తక్కువ పెట్టుకోండి. శబ్దం చిటపటమంటే కొంచెం పెంచండి.

2. తర్వాత ఒక్క పరికరం కొనండి

మౌస్‌తో గీతలు జరపడానికీ, చేత్తో నాబ్ తిప్పడానికీ చాలా తేడా ఉంది. రెండు నాబ్‌లు ఒకేసారి తిప్పుతూ వింటుంటే చెవి చాలా త్వరగా నేర్చుకుంటుంది. అందుకే ప్రతి పనికీ విడిగా నాబ్ ఉన్న చిన్న సింథ్‌ని చూసుకోండి. ఉదాహరణకి కోర్గ్ వోల్కా కీస్ 2013లో వచ్చింది. మూడు స్వరాలు ఒకేసారి పలుకుతుంది, ఆరు డబుల్ ఎ బ్యాటరీల మీద నడుస్తుంది. మీరు తిప్పిపెట్టిన నాబ్‌ల స్థానాలు అందులో సేవ్ కావు. శబ్దం నచ్చిన వెంటనే ఫోన్‌తో పైనుంచి ఒక ఫొటో తీసి, ఆ ఫొటోకి పాట పేరు పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు ప్రతి నాబ్‌నీ చివరినుంచి చివరిదాకా తిప్పి చూడండి. కరకరమంటే లోపల దుమ్ము చేరినట్టు. అడాప్టర్ విషయంలో మాత్రం తొందరపడొద్దు. గిటార్ పెడళ్ల అడాప్టర్లలో సాధారణంగా మధ్య పిన్ నెగటివ్, వోల్కా లాంటి వాటికి మధ్య పిన్ పాజిటివ్ కావాలి. రెండూ 9 వోల్టులే, ప్లగ్గు కూడా ఒకేలా కనిపించవచ్చు. తప్పుది పెడితే బోర్డు పోవచ్చు. పరికరం వెనక ఉన్న చిన్న బొమ్మనీ, అడాప్టర్ మీది బొమ్మనీ పోల్చి చూశాకే స్విచ్ వేయండి.

3. శబ్దాన్ని ఖాళీ నుంచి కట్టండి

మన చెవికి బాగా తెలిసిన నాదంతో మొదలుపెడదాం, తంబురా శ్రుతి. దీన్ని కడుతూ పోతే సింథ్‌లోని ముఖ్యమైన భాగాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఈ స్టెప్‌కి కనీసం రెండు మూడు సాయంత్రాలు ఇవ్వండి.

ఒక శబ్దానికి పెట్టిన సెట్టింగులన్నిటినీ కలిపి ప్యాచ్ అంటారు. 'ఇనిట్' అనే ఖాళీ ప్యాచ్ తెరవండి. శబ్దాన్ని పుట్టించేది ఆసిలేటర్. మొదటిదాన్ని రంపపు పళ్ల ఆకారంలో ఉండే సాటూత్ తరంగం మీద పెట్టండి. కచేరీల్లో ఒకటో శ్రుతి అంటామే, ఆ షడ్జమం నొక్కి పట్టుకోండి, కీబోర్డు మీద మధ్య సి కంటే ఒక స్థాయి కింద. అది 130.8 హెర్ట్జ్. చెవికి గరుకుగా, గుచ్చుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు రెండో ఆసిలేటర్‌ని కూడా అలాగే పెట్టి, దాన్ని 5 సెంట్లు పెంచండి. పక్కపక్క మీటల మధ్య దూరాన్ని వందగా భాగిస్తే ఒక భాగం ఒక సెంటు. తేడా అర హెర్ట్జ్ కూడా లేదు, కానీ రెండున్నర సెకన్లకోసారి నాదం ఉబ్బి తగ్గడం స్పష్టంగా వినిపిస్తుంది. అది వినబడేదాకా కదలకండి. వినబడితే శబ్దానికి ప్రాణం వచ్చినట్టే.

తర్వాత ఫిల్టర్. ఒక హద్దుకి పైనున్న వాటిని తగ్గించే లో-పాస్ రకం పెట్టి, కటాఫ్ అనే ఆ హద్దుని 400 హెర్ట్జ్ దాకా దించండి. గరుకుతనం పోయి గొంతు మూసినట్టు అవుతుంది. కటాఫ్ దగ్గరున్న వాటిని పైకెత్తే రెజొనెన్స్‌ని సగానికి కొంచెం పైగా పెంచండి. ఇప్పుడు కటాఫ్‌ని చాలా నెమ్మదిగా 400 నుంచి 700 దాకా తిప్పుతూ వినండి. సాటూత్ తరంగంలో మూల స్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు, ఐదింతలు, ఇలా అనుస్వరాలన్నీ ఉంటాయి. మూడో రెట్టు 392 హెర్ట్జ్, అది పంచమం. ఐదో రెట్టు 654 హెర్ట్జ్, అది అంతర గాంధారం. కటాఫ్ వాటి మీదుగా వెళ్లినప్పుడు రెజొనెన్స్ ఒక్కొక్కదాన్ని పైకి తెస్తుంది. మీరు నొక్కింది షడ్జమం ఒక్కటే, అయినా గాంధారం పలుకుతుంది. బాగా శ్రుతి చేసిన తంబురాలో వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. సింథ్ మీద దాన్ని మొదటిసారి విన్నప్పుడు కలిగే ఆనందం కోసమైనా ఈ పని మీ చేత్తో చేసి చూడాలి.

ఇక చేత్తో తిప్పుతున్న ఆ పనిని యంత్రానికి అప్పగించండి. ఎల్‌ఎఫ్‌ఓ అంటే చెవికి వినపడనంత నెమ్మదిగా ఊగే ఆసిలేటర్. దాని వేగం 0.1 హెర్ట్జ్, అంటే పది సెకన్లకోసారి. దాన్ని కటాఫ్‌కి కలిపి, 400 నుంచి 700 మధ్య మాత్రమే కదిలేలా మోతాదు సరిచేయండి. చివరగా, శబ్దం ఎలా లేచి ఎలా ఆగాలో చెప్పే ఎన్వలప్‌లో అటాక్ 2 సెకన్లు, రిలీజ్ 4 సెకన్లు. మీట నొక్కితే నెమ్మదిగా లేస్తుంది, వదిలితే నెమ్మదిగా ఆగుతుంది. ప్యాచ్‌కి పేరు పెట్టి సేవ్ చేయండి.

4. రాగం, తాళం కలపండి

మోహనం తీసుకుందాం. ఒకటో శ్రుతిలో సి, డి, ఇ, జి, ఎ, అయిదూ తెల్ల మీటలే. కొత్త ప్యాచ్‌లో ఒక్క సాటూత్, అటాక్ సున్నా, చిన్న డికే (శబ్దం తగ్గిపోయే సమయం) పెట్టి వాయించండి. వెనక మీ శ్రుతి మోగుతుండగా గాంధారం మీద ఆగండి. ఏదో కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. అది మీ పొరపాటు కాదు. కీబోర్డు గాంధారం షడ్జమానికి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. శ్రుతిలో దానంతటదే పుట్టిన గాంధారం ఉన్నది దాదాపు 386 దగ్గర. ఆ 14 సెంట్ల తేడా పై స్థాయిలో సెకనుకి అయిదు కొట్టుకోళ్లుగా వినిపిస్తుంది.

సర్జ్ ఎక్స్‌టీని మొదట్లో సిఫారసు చేసింది ఇందుకే. అందులో శ్రుతి స్థానాలను మనమే మార్చుకోవచ్చు, స్కాలా అనే ట్యూనింగ్ ఫైల్‌ని తెరిస్తే చాలు. ఆ సౌకర్యం లేని పరికరంలో గాంధారాన్ని పొట్టిగా పలికించి వదిలేయండి, పంచమం మీద ఆగండి. పంచమంలో తేడా రెండు సెంట్లే, ఇబ్బంది ఉండదు.

గమకాల విషయానికొస్తే, వైబ్రాటో నాబ్ తిప్పి గమకం వచ్చిందనుకోకండి. వైబ్రాటో అన్ని స్వరాలనూ ఒకేలా ఊపుతుంది. గమకంలో ఏ స్వరం ఎక్కడినుంచి ఎక్కడికి కదలాలో రాగమే చెబుతుంది. గ్లైడ్ పెట్టి ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, స్వరాన్ని వంచే పిచ్ బెండ్‌ని రెండు అరస్వరాల దాకా పెట్టుకుని చేత్తో లాగడం, ఈ రెండూ సాధన చేయండి. 1982లో బొంబాయి సినిమా స్టూడియోల్లో పనిచేసే చరణ్‌జీత్ సింగ్ రోలాండ్ కంపెనీ వాళ్ల టీబీ-303 బేస్ సింథ్, టీఆర్-808 డ్రమ్ మెషీన్, జూపిటర్-8 సింథ్ తీసుకుని రాగాలను డిస్కో లయ మీద వాయించి ఒక రికార్డు చేశారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా విని ఆశ్చర్యపోయింది. 303లో స్వరం నుంచి స్వరానికి జారే స్లైడ్ ఉండటం రాగానికి ఎంత కలిసొచ్చిందో వింటే తెలుస్తుంది. అంతకంటే ముందే, 1969లో, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి మూగ్ సింథసైజర్ వచ్చింది. సింథ్‌తో మన దేశానికి అంత పాత పరిచయం ఉంది. మన రాగాలు యంత్రానికి నప్పవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తాళానికి వస్తే, స్వరాలను వరసగా తనంతట తానే వాయించేది సీక్వెన్సర్, చాలావాటిలో 16 గళ్లుంటాయి. చివరి రెండూ ఆపేసి 14 చేయండి, అక్షరానికి రెండు గళ్ల చొప్పున ఏడు అక్షరాల మిశ్ర చాపు అవుతుంది. ఇలా నింపండి:

స , గ రి గ ప | ద , ప గ రి , స ,

కామా ఉన్నచోట గడి ఖాళీ. డ్రమ్‌ని మాత్రం 16 గళ్లలోనే ఉంచి, 1, 5, 9, 13 మీద కిక్, అంటే డ్రమ్‌లోని బరువైన దెబ్బ, పెట్టండి. వేగం 120. పాట 14లో, డ్రమ్ 16లో నడుస్తూ విడిపోయి, 112 గళ్ల తర్వాత మళ్లీ సమం మీద కలుస్తాయి. సరిగ్గా 14 సెకన్లు. ఆ కలిసే చోటుని చెవితో పట్టుకోండి, మీ పాట నిర్మాణమంతా దాని మీదే ఉంటుంది.

5. రోజుకి ముప్పావు గంట చాలు

ఇంట్లో అందరూ పడుకున్నాక కూర్చునేవాళ్లం కాబట్టి సమయం తక్కువే. శబ్దాలు తయారుచేసే రోజు వేరు, పాట అమర్చే రోజు వేరు పెట్టుకోండి. రెండూ కలిపితే ఏదీ తెమలదు. వాల్యూమ్ మీద అదుపు కావాలి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు పరిమితి అనుకుంటే, 88కి వెళ్లగానే అది 4 గంటలకి పడిపోతుంది. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ సగం.

6. రికార్డ్ చేయండి

బయటి శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో సింథ్‌ని మైక్ ఇన్‌పుట్‌కి కాకుండా లైన్ ఇన్‌పుట్‌కి కలపండి. 24 బిట్‌లో, మీటర్ మీద శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా తీసుకోండి. ఎర్ర లైటు వెలిగేదాకా పెంచాల్సిన అవసరమే లేదు.

గుర్రుమనే హమ్ వస్తుంటే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. చాలాసార్లు అక్కడే పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు కూడా హమ్ రావచ్చు, ముఖ్యంగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే. అలాంటప్పుడు సింథ్‌నీ లాప్‌టాప్‌నీ రెంటినీ బ్యాటరీ మీదే నడిపి రికార్డ్ చేసేయండి.

7. పాటని ముగించండి

ఆరంభాలు పోగుపడి ముగింపులు లేకపోవడమే ఇంట్లో సంగీతం చేసేవాళ్ల అసలు టెన్షన్. ఇందాకటి 14 సెకన్లని ఒక ఆవర్తనం అనుకోండి. పన్నెండు ఆవర్తనాలంటే 2 నిమిషాల 48 సెకన్లు, ఒక పాట. మొదటి రెండింటిలో శ్రుతి ఒక్కటే. మూడు, నాలుగులో మోహనం వస్తుంది. అయిదులో కిక్. ఆరు నుంచి ఎనిమిది దాకా ఒక్కో ఆవర్తనానికి ఒక్క మార్పు: ఫిల్టర్ తెరవడం, ఒక స్వరం తీసేయడం, చప్పట్లో ఘటమో కలపడం. తొమ్మిదిలో కిక్ తీసేసి శ్రుతి, గాంధారం మాత్రమే. పది, పదకొండులో అన్నీ. పన్నెండులో మళ్లీ శ్రుతి, నెమ్మదిగా ఆగుతూ.

మిక్స్‌లో శ్రుతికి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేయండి, ఆ చోటు కిక్‌ది. ఫోన్ స్పీకర్ మీద ఒకసారి వినండి. 130 హెర్ట్జ్ అక్కడ దాదాపు వినపడదు, అనుస్వరాలే పాటని మోస్తాయి. అవి వినిపిస్తే మిక్స్ బాగున్నట్టే.

8. విడుదల చేయండి

స్పాటిఫై పాటలన్నిటినీ మామూలుగా మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే గట్టిదనపు కొలత) స్థాయికి సరిచేసి వినిపిస్తుంది, కాబట్టి గట్టిగా వినపడాలని పాటని నలిపేయకండి. పాటని యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా రెండు మూడు వారాల ముందే అప్‌లోడ్ చేయండి. స్పాటిఫై ప్లేలిస్ట్ ఎడిటర్లకి పాటని పంపాలంటే విడుదలకి కనీసం 7 రోజుల ముందు పంపాలి. బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్‌లో నేరుగా అమ్ముకోవచ్చు, డిజిటల్ అమ్మకాల మీద వాళ్లు మొదట్లో 15 శాతం తీసుకుంటారు. పాత సినిమా పాట ముక్కని అనుమతి లేకుండా వాడితే పాట దిగిపోతుంది, రాబడీ పోతుంది. మీ వంటింటి కుక్కర్ విజిల్‌ని ఫోన్‌లో రికార్డ్ చేసి వాడుకోండి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. స్వరకర్తలకి రాయల్టీలు వసూలుచేసే ఐపీఆర్‌ఎస్ అనే సంస్థలో స్వరకర్తగా సభ్యత్వం తీసుకుని, విడుదలైన ప్రతి పాటనీ అక్కడ నమోదు చేయండి. మొదట్లో వచ్చేది చిల్లరే అయినా, నమోదు కాని పాటకి ఆ చిల్లర కూడా రాదు.

విడుదల తేదీ వచ్చేదాకా ఖాళీగా కూర్చోకండి. అదే శ్రుతి ప్యాచ్ తెరిచి, ఈసారి హంసధ్వని పెట్టండి. సీక్వెన్సర్‌ని 10 గళ్లకి తగ్గిస్తే అయిదు అక్షరాల ఖండ చాపు అవుతుంది. 16 గళ్ల డ్రమ్‌తో అది 80 గళ్లకి, అంటే 10 సెకన్లకి కలుస్తుంది.