క్షిపణి ఎంత దూరం పోతుందో మనమే లెక్కేసుకోవడం ఎలా

కొత్త క్షిపణినో, పాతదానికి మెరుగులు దిద్దిన రకాన్నో పరీక్షించామని ఏ దేశం ప్రకటించినా వెంటనే రెండు వర్గాలు తయారవుతాయి. ప్రపంచంలో ఏ మూలనైనా కొట్టేస్తుందని ఒకరంటే, అంతా ఉత్తుత్తిదే, వీడియో అతుకులేసి చూపిస్తున్నారని ఇంకొకరంటారు. ఎవరూ లెక్క మాత్రం వెయ్యరు. పెద్ద లెక్కేమీ కాదు. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్, గూగుల్ ఎర్త్, పది నిమిషాల ఓపిక ఉంటే చాలు.

ముందుగా మూడు అంకెలు పట్టుకోవాలి: క్షిపణి చేరిన గరిష్ఠ ఎత్తు, నేల మీద కొలిస్తే వెళ్లిన దూరం, గాలిలో ఉన్న సమయం. ప్రయోగించిన దేశం చెప్పినవి ఒక వరుసలో, పొరుగు దేశాల రాడార్లు చూసినవి ఇంకో వరుసలో రాసుకోండి. ఉత్తర కొరియా పరీక్షలైతే దక్షిణ కొరియా సైన్యం, జపాన్ రక్షణ శాఖ అదే రోజు అంకెలు విడుదల చేస్తాయి. అందుకే ఈ లెక్క నేర్చుకోవడానికి ఉత్తర కొరియా పరీక్షలంత మంచి ఉదాహరణలు ఇంకెక్కడా దొరకవు.

ఎత్తు నుంచి దూరం

ఉత్తర కొరియా తన పెద్ద క్షిపణులను మామూలు వాలులో కాకుండా దాదాపు నిటారుగా పైకి పంపుతుంది. పొరుగు దేశాల మీదుగా పోకుండా జపాన్ సముద్రంలోనే పడేలా చేసుకోవడానికే ఇది. నిటారుగా వెళ్లినప్పుడు ఎక్కిన ఎత్తే క్షిపణి శక్తికి కొలత. దాన్ని మామూలు పరిధిగా మార్చడానికి ఒక్క వరుస చాలు:

ఎత్తును 6371తో భాగించండి (అది భూమి వ్యాసార్థం, కి.మీ.లలో). వచ్చినదానికి సైన్ ఇన్వర్స్ (కాలిక్యులేటర్‌లో sin⁻¹ మీట) తియ్యండి. డిగ్రీల్లో వచ్చిన ఆ కోణాన్ని 222.4తో గుణిస్తే కిలోమీటర్లలో పరిధి వస్తుంది.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూసుకోండి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. ఖండాంతర క్షిపణికి వంద, రెండు వందల కిలోమీటర్ల పరిధే వచ్చిందంటే అది రేడియన్లలో ఉన్నట్టే.

2017 మే 14న ఎగిరిన హ్వాసాంగ్-12 తీసుకోండి. ఎత్తు 2111.5 కి.మీ., దూరం 787 కి.మీ. 2111.5ని 6371తో భాగిస్తే 0.331, కోణం 19.36 డిగ్రీలు, పరిధి సుమారు 4300 కి.మీ. అమెరికా భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ రైట్ అప్పుడు వేసిన అంచనా 4500. అదే ఏడాది సెప్టెంబరు 15న ఈ రకం క్షిపణి జపాన్ మీదుగా మామూలు వాలులో 3700 కి.మీ. నిజంగానే వెళ్లింది. ఒక్క వరుస లెక్కకు ఇంతకన్నా ఏం కావాలి?

పెద్ద క్షిపణుల దగ్గరే తేడా వస్తుంది. 2017 నవంబరు 29 నాటి హ్వాసాంగ్-15 ఎత్తు 4475 కి.మీ. మన వరుస లెక్క 9900 చెబుతుంది. రైట్ చెప్పింది 13,000. మూడు వేల కిలోమీటర్లు ఎక్కడ పోయాయి? నిటారుగా ఎక్కేటప్పుడు ఇంజిన్ మండినంతసేపూ గురుత్వాకర్షణ ఎదురు లాగుతూనే ఉంటుంది. వాలుగా వెళ్తే ఆ నష్టం తగ్గి, చివరి వేగం కాస్త పెరుగుతుంది. అంటే మన లెక్క ఇచ్చేది కనీస పరిధి.

ఆ 'కాస్త' ఎంత మార్పు తెస్తుందో చూడాలంటే వేగంతో లెక్కెయ్యాలి. వేగం వర్గం (సెకనుకు కి.మీ.లలో) = 125.1 × ఎత్తు ÷ (6371 + ఎత్తు). వేగం నుంచి పరిధికి రావాలంటే: వేగం వర్గాన్ని 62.6తో భాగించి ఆ నిష్పత్తి రాసుకోండి. నిష్పత్తిని (2 − నిష్పత్తి)తో భాగించి సైన్ ఇన్వర్స్ తీసి, మళ్లీ 222.4తో గుణించండి. హ్వాసాంగ్-15 వేగం 7.2 కి.మీ. దగ్గర వస్తుంది. దాన్ని 7.6 చేసి చూడండి, పరిధి పదివేల నుంచి పదమూడు వేలు దాటుతుంది. అదే హ్వాసాంగ్-12 దగ్గర, అంటే 5.6 కి.మీ. వేగం దగ్గర, సెకనుకు వంద మీటర్లు పెరిగితే దక్కేది రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. హ్వాసాంగ్-15 దగ్గర అదే వంద మీటర్లకు ఆరు వందలు. కక్ష్యా వేగానికి (భూమి చుట్టూ తిరగడానికి కావాల్సిన వేగానికి) దగ్గర పడేకొద్దీ చిన్న తేడా పెద్దదవుతుంది. 15,000 పరిధి, 16,000 పరిధి అంటూ కొట్టుకునేవాళ్ల మధ్యలోకి వెళ్లనక్కర్లేదు.

ఎత్తు 6371 దాటితే కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. అది మీ పొరపాటు కాదు. అంత ఎత్తు ఎక్కగలిగిన వేగంతో, అదే బరువును భూకక్ష్యలో తిప్పవచ్చు. 2023 జులై 12న హ్వాసాంగ్-18 (6648.4 కి.మీ.), 2024 అక్టోబరు 31న హ్వాసాంగ్-19 (7687.5 కి.మీ.) ఈ గీత దాటాయి. వీటి విషయంలో 'ఎంత దూరం' అన్న ప్రశ్న అయిపోయింది. 'ఎంత బరువుతో' అన్నదే మిగిలింది.

సమయంతో అబద్ధం పట్టడం

అన్నింట్లోకీ ఇదే బాగా పనికొస్తుంది, కానీ ఎవరూ వాడరు. ఇంజిన్ ఆగాక రాయి విసిరినట్టే, ఎంత ఎత్తు పోతే ఎంతసేపు గాలిలో ఉండాలో ప్రకృతి నిర్ణయిస్తుంది. నిటారు ప్రయోగానికి రాను పోను పట్టే సమయం ఇలా ఉంటుంది: 1000 కి.మీ. ఎత్తుకు 17 నిమిషాలు, 2000కి 27, 4000కి నలభై ఐదున్నర, 6000కి 65. మధ్య ఎత్తులకు దామాషాగా తీసుకోండి. మామూలు వాలులో ఎగిరినవాటికి ఇది పనికిరాదు.

అసలు ప్రయోగంలో దీనికన్నా రెండు మూడు నిమిషాలు ఎక్కువే పట్టాలి. మొదట్లో క్షిపణి నెమ్మదిగా లేస్తుంది కాబట్టి. హ్వాసాంగ్-12కి లెక్క 27.8 నిమిషాలు, ప్రకటించింది 30. హ్వాసాంగ్-15కి లెక్క 50.2, ప్రకటించింది 53. 2022 నవంబరు 18 నాటి హ్వాసాంగ్-17 ఎత్తు 6040.9 కి.మీ. లెక్క 65.7, ప్రకటించింది 4135 సెకన్లు, అంటే 68.9. హ్వాసాంగ్-18, 19లకూ తేడా మూడు నిమిషాల దగ్గరే ఉంది. 2017లో రెండుసార్లు ఎగిరిన హ్వాసాంగ్-14కి మాత్రం నాలుగు నిమిషాలు దాటింది. దాని రెండో స్టేజీ (మొదటిది మండి విడిపోయాక మండే భాగం) బలం తక్కువది, ఎక్కువసేపు మండేది. ఆ తేడా అందుకు సరిపోతుంది.

ఇప్పుడు 2022 మార్చి 24 చూడండి. హ్వాసాంగ్-17 విజయమని ప్రకటించి, ఎత్తు 6248.5 కి.మీ., సమయం 4052 సెకన్లు అన్నారు. అంటే అరవై ఏడున్నర నిమిషాలు. కానీ ఆ ఎత్తుకు ఇంజిన్ సమయం కలపకుండానే 67.8 పడుతుంది! అంటే తేడా మూడు నిమిషాలు ఉండాల్సింది పోయి మైనస్‌లోకి వెళ్లింది. జపాన్ ఆ రోజు చెప్పింది 71 నిమిషాలు. మన లెక్కకు మూడు నిమిషాలు కలిపితే సరిగ్గా అదే. ఎత్తు విషయంలో అందరూ ఒకటే మాట చెప్పారు కాబట్టి, పొసగనిది ప్రకటించిన సమయమే.

ఆ ప్రయోగం మీద ఇంకా పెద్ద గొడవే నడిచింది. ఎగిరింది హ్వాసాంగ్-17 కాదు, పాత హ్వాసాంగ్-15 అని దక్షిణ కొరియా వాదించింది. వీడియోలో నీడలు పొద్దుటిపూటవి, ప్రయోగం జరిగింది మధ్యాహ్నం రెండున్నరకు. వీడియోలో ఆకాశం తేటగా ఉంది, ఆ వేళ అక్కడ మబ్బులు. దృశ్యాలు మార్చి 16న విఫలమైన ప్రయోగానివని వాళ్ల మాట. బొమ్మలో ఉన్నదీ ఆకాశంలో ఎగిరిందీ ఒకటే అనుకోకూడదని ఇందుకే అంటాం.

ఫొటోల్లో ఏం చూడాలి

కింద నాజిల్స్ (ఇంజిన్ మంట బయటికొచ్చే గొట్టాలు) లెక్కపెట్టండి. హ్వాసాంగ్-15 మొదటి స్టేజీకి రెండు, హ్వాసాంగ్-17కి నాలుగు. తర్వాత మంట. వెనక తెల్లటి దట్టమైన పొగ తోకలా సాగితే ఘన ఇంధనం. మంట దాదాపు పారదర్శకంగా ఉండి, మొదట్లో నేల దగ్గర నారింజ-గోధుమ రంగు ఆవిరి కనబడితే నైట్రోజన్ టెట్రాక్సైడ్ వాడే ద్రవ ఇంధనం. 'ఘన ఇంధనానికి మారాం' అన్న ప్రకటనను సరిచూడటానికి ఒక్క ఫొటో చాలు. కొలతలకైతే పొడవును వ్యాసంతో భాగించి పోల్చండి. అగ్ని-5 పొడవు 17.5 మీటర్లు, వ్యాసం 2, నిష్పత్తి 8.75. ఫొటోను పక్క నుంచి తీసి ఉండాలి. ఏటవాలుగా తీసినదాంట్లో పొడవు కుదించుకుపోతుంది, దాని మీద కొత్త రకం కట్టుకథ పుడుతుంది.

నోటామ్ చదవడం

మన దేశం ప్రయోగాలను ఎక్కువగా ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం దీవి నుంచి బంగాళాఖాతం మీదుగా చేస్తుంది. అగ్ని క్షిపణులను రూపొందించేది హైదరాబాద్‌లోని అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లేబొరేటరీ కాబట్టి తెలుగువాళ్లలో నోటామ్‌లనే ప్రయోగ హెచ్చరికలను గమనించేవాళ్లు తక్కువేమీ కాదు. ప్రయోగానికి ముందు విమానాలకు జారీ చేసే నోటామ్‌లో ప్రమాద ప్రాంతం మూలలు ఇస్తారు. 2046 అని ఉంటే 20 డిగ్రీల 46 నిమిషాలు. దాన్ని 20.46గా పటంలో పెడితే ముప్పై నాలుగు కిలోమీటర్లు తప్పుతారు, 20.77 అని పెట్టాలి. వేళలు అంతర్జాతీయ సమయంలో ఉంటాయి, ఐదున్నర గంటలు కలపండి. దూరం గూగుల్ ఎర్త్ రూలర్‌తోనే కొలవండి. చదును పటం మీద స్కేలుతో కొలిస్తే చాలా తప్పుతారు.

ఆ పొడవే క్షిపణి పరిధి అని రాసేస్తుంటారు, కాదు. చివరి అంచు దాకా క్షిపణి పోవాలని లేదు. దారి తప్పితే అని అదనపు జాగా ఉంచుతారు. పూర్తి పరిధికి తక్కువగా ప్రయోగించడమూ మామూలే. ఆ రోజున ఎంత దూరం దాటదో మాత్రం నోటామ్ చెబుతుంది.

బరువు చెప్పని పరిధి పరిధే కాదు

2012 ఏప్రిల్ 19న అగ్ని-5 మొదటిసారి ఎగిరినప్పుడు మనవాళ్లు 5000 కి.మీ. అన్నారు. అసలు పరిధి 8000 అని చైనా సైనిక పరిశోధకుడు డు వెన్‌లాంగ్ అన్నాడు. ఎవరు నిజం? రెండూ నిజమయ్యే వీలుంది. ఒక ఊహా క్షిపణి చివరి స్టేజీ తీసుకుందాం: ఇంధనం 4 టన్నులు, ఖాళీ బరువు 0.6 టన్ను, వార్‌హెడ్ (ముక్కులో ఉండే పేలుడు భాగం) 1.5 టన్నులు. మొత్తం బరువును ఇంధనం అయిపోయాక మిగిలే బరువుతో భాగించి, సహజ లాగరిథమ్ (ln మీట) తీసి 2.75తో (ఇంజిన్ నుంచి వాయువులు వెలువడే వేగం, సెకనుకు కి.మీ.లలో) గుణిస్తే ఆ స్టేజీ ఇచ్చే వేగం వస్తుంది. 6.1ని 2.1తో భాగిస్తే 2.9, వేగం 2.93 కి.మీ. వార్‌హెడ్ సగానికి, 0.75 టన్నుకు తగ్గిస్తే 3.78. లాభం 0.85. మొదట మొత్తం వేగం 6.0 అనుకుంటే పరిధి 5300. 6.85 అయితే 8200. క్షిపణిలో బోల్టు కూడా మార్చలేదు.

కాబట్టి పరిధి పెంచామన్న ప్రకటన చూడగానే అడగాల్సింది ఒకటే: వార్‌హెడ్ తగ్గిందా, ఇంజిన్ పెరిగిందా? పరీక్షలో డమ్మీ వార్‌హెడ్ బరువు ఎవరూ చెప్పరు. నిటారు పరీక్షలకూ ఈ అనుమానం వర్తిస్తుంది, ఖాళీ ముక్కుతో ఎంత ఎత్తైనా ఎక్కించవచ్చు. లెక్క రాసేటప్పుడు 'పరీక్షలో మోసిన బరువుతో' అని పక్కన తప్పకుండా రాయండి.

గురి, మాక్

గురి తప్పలేదన్న మాటకు ఒక్క ప్రయోగం రుజువు కాదు. గురి కొలత అంటే సగం క్షిపణులు పడే వలయం వ్యాసార్థం. ఆ కొలత 500 మీటర్లున్న నాసిరకం క్షిపణి కూడా ఆరుసార్లలో ఒకసారి లక్ష్యానికి 250 మీటర్ల లోపే పడుతుంది. ఆ ఒక్కసారే టీవీలో వస్తుంది.

'హైపర్‌సోనిక్' (మాక్ 5, అంటే ధ్వని వేగానికి ఐదు రెట్లు మించినది) మాటకు అసలు విలువే లేదు. మాక్ 5 దాటడానికి 300 కి.మీ. పరిధి గల మామూలు బాలిస్టిక్ క్షిపణి (ఇంజిన్ ఆగాక విసిరిన రాయిలా పోయేది) చాలు. గాలిలోకి తిరిగొచ్చాక దారి మార్చుకుంటుందా అన్నదే తేల్చాలి, అది రాడార్ చూసినవాళ్లకే తెలుస్తుంది.

మాక్ అంకెలనూ పరిధితో సరిచూడవచ్చు. 2023 మేలో ఇరాన్ చూపించిన ఖోరంషహర్-4కి పరిధి 2000 కి.మీ., వార్‌హెడ్ 1500 కిలోలు, వాతావరణం బయట మాక్ 16, లోపల మాక్ 8 అన్నారు. 2000 కి.మీ. పోవడానికి కావాల్సిన వేగం 4.1 కి.మీ. నేల దగ్గరి ధ్వని వేగంతో గుణిస్తే మాక్ 16 అంటే 5.4 కి.మీ., ఆ వేగానికి పరిధి 4000. పైపొరల్లో ధ్వని నెమ్మది కదా అని 295 మీటర్లు తీసుకున్నా 4.7 కి.మీ., పరిధి దాదాపు 2800. అంటే వేగం అంకెను తేలికైన వార్‌హెడ్‌తో, పరిధి అంకెను బరువైనదానితో చెప్పి ఉండాలి, లేదా రెండింట్లో ఒకటి సరదాకి వేసినదై ఉండాలి. ఎలాగూ గాలి లేనిచోట మాక్‌కు అర్థమే లేదు, ధ్వని ప్రయాణించడానికి అక్కడ ఏమీ లేదు.