బస గదికి ఇంటి కళ రాలేదా? ముందు పై లైటు ఆర్పి చూడండి

నాటకం పని మీద ఊరు మారి, మూడు వారాలో మూడు నెలలో అద్దె గదిలో ఉండేవాళ్ల ఫిర్యాదు దాదాపు ఒకటే. "అన్నీ సర్దుకున్నాను, సొంత దుప్పటి వేసుకున్నాను, ఫొటోలు పెట్టుకున్నాను, అయినా ఎవరింట్లోనో ఉన్నట్టుంది." అలా అనిపించగానే ఇంకో రెండు దిండ్లూ ఒక పూలకుండీ కొనుక్కొస్తారు. దాంతో తేడా రాదు, వెళ్లేటప్పుడు మోసే బరువు మాత్రం పెరుగుతుంది. కొనడం ఆపి కారణం వెతకండి. గది తుడుచుకోవడం, పక్క దులుపుకోవడం ఎలాగూ చేసే ఉంటారు, వాటి జోలికి పోవడం లేదు.

మొట్టమొదట: సూట్‌కేసు ఎక్కడుంది?

నేల మీద మూత తెరిచి ఉందా? పొద్దున్నే అందులోంచే చొక్కా లాక్కుంటున్నారా? అయితే మిగతాది తర్వాత చదవచ్చు, ముందు దాన్ని ఖాళీ చేయండి. నూటికి తొంభైమంది దాటేసేది ఈ మెట్టునే. సగం ఖాళీ చేసి "మిగతావి అవసరం లేనివి" అనుకోవడం కూడా లెక్కలోకి రాదు. ఖాళీ పెట్టె జిప్పు వేసి మంచం కిందకో బీరువా మీదకో పోవాలి, కంటికి కనిపించకూడదు.

ఇది చేరిన రోజు సాయంత్రమే జరగాలి. రిహార్సల్స్ మొదలైనా ఇంకా కొంత వ్యవధి దొరుకుతుంది, సెట్టు ఎక్కించడం, టెక్నికల్ రిహార్సల్ (లైట్లు, సౌండుతో కలిపి చేసేది) మొదలయ్యాక దొరకదు. అప్పటికి సర్దని పెట్టె ఆఖరి షో దాకా అలాగే ఉంటుంది. బీరువా లేకపోతే కాస్ట్యూమ్ విభాగంలో వాడని రోలింగ్ ర్యాక్ ఉందేమో అడగండి. తాళాలు, థియేటర్ పాసు, స్క్రిప్టు పెట్టడానికి తలుపు పక్కన ఒక పళ్లెమో డబ్బానో ఉంచుకుంటే రోజూ వెతుకులాట తప్పుతుంది.

సమస్య: పగలు గది బాగానే ఉంటుంది, షో అయ్యాక వస్తే ఆస్పత్రి వార్డులా ఉంటుంది

చాలామంది ఇంత స్పష్టంగా చెప్పరు. చెప్పేది వేరేలా ఉంటుంది: నిద్ర పట్టడం లేదు, గదిలోకి రాగానే ఫోను పట్టుకుంటే వదలడం లేదు, గదికి పోబుద్ధి కాక గ్రీన్ రూమ్‌లోనే కూర్చుంటున్నాను. పరుపు బాగోలేదనుకుంటారు, పక్క గది చప్పుడు అనుకుంటారు, ఊరే పడలేదనుకుంటారు. గొడవపడి గది మార్పించుకుంటారు. మారిన గదిలోనూ అదే లైటు ఉంటుంది.

కారణం ఆ లైటే. అద్దె గదుల్లో ఎక్కువగా ఉండేది సరిగ్గా నడినెత్తిన 6500 కెల్విన్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబో బల్బో, పెట్టె మీద "కూల్ డేలైట్" అని ఉండే రకం. (కెల్విన్ వెలుతురు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు, తగ్గేకొద్దీ పసుపు వైపు పోతుంది.) యజమానికి అది మంచిదే, తక్కువ కరెంటుతో గదంతా కనిపిస్తుంది.

ఇది ఇన్నాళ్లు దొరక్కుండా తప్పించుకోవడానికి కారణం ఉంది. గది చూసుకునేది పగలు. తాళాలు తీసుకునేది పగలు. సర్దుకునేది సెలవు రోజు పగలు. కిటికీ వెలుతురులో అన్నీ బాగానే కనిపిస్తాయి. కానీ నాటకంవాళ్లు ఆ గదిలో మెలకువగా, ఏ పనీ లేకుండా ఉండేది రాత్రి పదకొండు నుంచి రెండు దాకా. అంటే గదిని పరీక్షించేది ఒక వేళ, వాడేది ఇంకో వేళ.

తెర పడ్డాక ఒళ్లు వెంటనే చల్లబడదు, ఆ వేడి దిగడానికి గంటో రెండు గంటలో పడుతుంది. సరిగ్గా ఆ వేళలో నీలం పాలు ఎక్కువగా ఉన్న తెల్ల వెలుతురు కంట్లో పడితే, నిద్రకి సిద్ధం చేసే మెలటోనిన్ తగ్గుతుంది. దానికి తోడు దిశ కూడా తప్పే. పైనుంచి నిట్టనిలువునా పడే లైటు ఒక్కటే ఉంటే ముఖం మీద కళ్ల కింద గుంటలు తప్ప ఇంకేమీ ఉండవని స్టేజీ మీద పనిచేసేవాళ్లకి చెప్పాలా? సైడ్ లైటు రెండడుగులు పక్కకి జరిగిందని మధ్యాహ్నమంతా వాదించినవాళ్లే రాత్రి వచ్చి ట్యూబులైటు కింద కూర్చుంటారు.

పరీక్ష చేయడానికి పైసా ఖర్చు లేదు. షో అయి వచ్చిన రాత్రే చేయాలి. పై లైటు ఆర్పేయండి. బాత్రూమ్ లైటు వేసి తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి. ఫోను పక్కన పెట్టి పది నిమిషాలు కూర్చోండి. భుజాలు కిందికి దిగి, లేచి ఏదో ఒకటి చేయాలన్న తహతహ తగ్గితే కారణం దొరికినట్టే. తేడా ఏమీ లేకపోతే ఈ భాగం వదిలేసి కిందికి వెళ్లండి.

సరిచేయడం ఇలా. 2700 కెల్విన్ల "వార్మ్ వైట్" బల్బులు రెండు లేక మూడు తీసుకోండి. ఒక్కోటి 400 నుంచి 450 ల్యూమెన్లు చాలు, అంటే నాలుగైదు వాట్ల ఎల్‌ఈడీ, పాత 40 వాట్ల బల్బు ఇచ్చేంత వెలుతురు. అంతకంటే పెద్దది ఒక్కటి పెడితే మళ్లీ మొదటికొస్తుంది. ఒకే పెద్ద దీపం కన్నా రెండు మూడు చిన్నవి ఎప్పుడూ మేలు. హోల్డరు పిన్ను రకమా (బి22), మర రకమా (ఇ27) ముందే చూసుకోండి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే చిన్న అడాప్టర్ ఒకటి సంచిలో పడేసుకుంటే ఏ గదిలోనైనా పనికొస్తుంది. సీఆర్ఐ (రంగుల్ని బల్బు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినది దొరికితే అదే తీసుకోండి. మేకప్ సరిగ్గా పోయిందో లేదో అద్దంలో నిజం తెలుస్తుంది.

దీపాన్ని ఎక్కడ పెడతారన్నది ఏ దీపం అన్నదానికంటే ముఖ్యం. మీరు కూర్చున్నప్పుడు బల్బు మీ కంటి ఎత్తుకి కాస్త కిందుండాలి, నేరుగా కంట్లో పడకూడదు. క్లిప్పు ల్యాంపు అయితే దాని ముఖాన్ని గోడ మూలకి తిప్పేయండి, గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురే కావాలి. ఒకటి మంచం పక్కన, ఒకటి కుర్చీ దగ్గర. ప్లగ్గులు ఎప్పుడూ కావాల్సిన చోట ఉండవు కాబట్టి మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు తప్పనిసరి.

ఇంతవరకూ చేసి కూడా "లాభం లేదు" అనేవాళ్లు చాలామంది. వాళ్ల గదికి వెళ్లి చూస్తే దీపాలన్నీ చక్కగా ఉంటాయి, ఒక్కటీ వెలగదు. ఎందుకంటే రాత్రి తలుపు తీయగానే చెయ్యి అలవాటుగా గుమ్మం పక్క స్విచ్చు మీదికి పోతుంది. ట్యూబు వెలుగుతుంది. సంచి దించి, చెప్పులు విప్పి, మంచం మీద కూలబడ్డాక మూలనున్న ల్యాంపు కోసం మళ్లీ ఎవరు లేస్తారు? అసలు మరమ్మతు ఇక్కడుంది. ఆ స్విచ్చు మీద అడ్డంగా ఒక మాస్కింగ్ టేపు ముక్క అంటించండి. చీకట్లో వేలికి టేపు తగిలితే చెయ్యి ఆగుతుంది. ఆ చెయ్యి ఆగిన వెంటనే అందేంత దూరంలో మూడో దీపం ఉండాలి, లేదా అప్పటికే వెలుగుతూ ఉండాలి.

వెలుగుతూ ఉండడమే మంచి పద్ధతి. ఖాళీ స్టేజీ మీద రాత్రంతా ఘోస్ట్ లైటు వదిలేది చీకట్లో ఎవరూ పడిపోకుండా. అదే పని గదిలో ఒక ప్లగ్ టైమరు చేస్తుంది. చక్రంలా తిరిగే 24 గంటల మెకానికల్ టైమరు తీసుకోండి, పదిహేను నిమిషాలకో పిన్ను ఉంటుంది. మీరు వచ్చే వేళకి అరగంట ముందు వెలిగేలా, పడుకునే వేళకి ఆరేలా పిన్నులు నొక్కండి. 5 వాట్ల బల్బు రోజుకి నాలుగు గంటలు వెలిగితే ఒక యూనిట్ కావడానికి యాభై రోజులు పడుతుంది, యజమానికి సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కరెంటు పోతే మాత్రం ఆ చక్రం కూడా ఆగిపోతుంది. గంట కరెంటు పోతే గంట ఆలస్యంగా వెలుగుతుంది. "టైమరు పాడైంది" అనే ముందు దాని మీది సమయం చూడండి.

పై లైటు తప్ప గత్యంతరం లేని గదులుంటాయి. అది ఎల్‌ఈడీ ట్యూబు అయితే లైటింగ్ విభాగంలో ఫుల్ సీటీఓ జెల్ (తెల్ల వెలుతురుని నారింజ వైపు మార్చే, లైటు ముందు పెట్టే రంగు ప్లాస్టిక్ పొర) కత్తిరింపు ముక్కలు అడగండి, పారేసేవే ఉంటాయి. లీ కంపెనీ 204 నంబరు రకం 6500 కెల్విన్లని 3200కి దించుతుంది, వెలుతురూ దాదాపు సగానికి తగ్గుతుంది, రాత్రికి రెండూ మనకి కావాల్సినవే. మరీ మసకనిపిస్తే హాఫ్ సీటీఓ, లీ 205, 3800 దగ్గర ఆపుతుంది. ట్యూబు చుట్టూ వదులుగా తొడగండి, రెండు చివర్లూ కప్పకండి. హాలోజన్‌కి గానీ పాత ఫిలమెంటు బల్బుకి గానీ చుట్టొద్దు, జెల్ కరిగిపోతుంది. ల్యాంపు మీద చున్నీ కప్పడం అసలే వద్దు. ఫిలమెంటు బల్బయితే అంటుకుంటుంది, ఎల్‌ఈడీ అయితే వేడి పోక తొందరగా పాడవుతుంది.

వెలుతురు రంగు సరిగ్గా ఉన్నా తల బరువెక్కుతుంటే బల్బు మినుకుమంటోందేమో చూడండి. ఫోను కెమెరాని బల్బుకి దగ్గరగా పెట్టండి, తెర మీద నల్ల చారలు పాకుతుంటే ఆ బల్బు మార్చేయడమే. డిమ్మరుకి పనికిరాని బల్బుని డిమ్మరు మీద పెట్టినా ఇదే జరుగుతుంది.

విప్పిన పాత బల్బు దాచి ఉంచండి. ఖాళీ చేసే రోజు దాన్ని తిరిగి బిగించి, మీ బల్బులు పట్టుకుపోవాలి.

సమస్య: తెల్లారగానే మెలకువ వచ్చేస్తోంది

కర్టెన్ పల్చనని కొత్తది కొంటారు. చాలాసార్లు తప్పు గుడ్డది కాదు, కడ్డీకీ గోడకీ మధ్యనున్న సందుది. అందులోంచి వచ్చే వెలుతురు సీలింగుకి తగిలి గదంతా పరుచుకుంటుంది. కిటికీకి నాలుగువైపులా పదిహేను సెంటీమీటర్లు ఎక్కువుండే నల్లగుడ్డని ఉన్న కర్టెన్ వెనక బైండర్ క్లిప్పులతో వేలాడదీయండి, పై అంచు కడ్డీ మీదుగా వెనక్కి మడిచి గోడకి ఆనేలా. గ్యాఫర్ టేపు (స్టేజీ మీద వాడే గట్టి గుడ్డ టేపు) చేతిలో ఉంది కదా అని గోడకి కొట్టకండి. స్టేజీ నేల మీద అది దేవుడే, సున్నం గోడ మీద మాత్రం పీకేటప్పుడు రంగుతో సహా ఊడొస్తుంది, డిపాజిట్ కూడా దాంతోనే పోతుంది. ఎండ పడే రెండు పొరల అద్దానికి అల్యూమినియం రేకు అంటించడం కూడా వద్దు, వేడికి అద్దం పగలొచ్చు.

సమస్య: మాట్లాడితే గది ఖంగుమంటోంది

గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి. వెనకే చిన్న మోత వస్తే గోడలన్నీ బోసిగా ఉన్నట్టు. నేల మీద మందపాటి జంపఖానా, మంచానికి ఎదురు గోడకి ఒక దుప్పటి. దుప్పటిని బిగించి కాకుండా, తెరలు కుట్టేటప్పుడు వెడల్పుకి రెట్టింపు గుడ్డ తీసుకున్నట్టు మడతలు పడేలా, గోడకి నాలుగైదు వేళ్ల ఎడంగా వేలాడదీస్తే ఎక్కువ పీలుస్తుంది. గదిలో డైలాగులు చెప్పుకునేవాళ్లకి ఈ తేడా వెంటనే చెవికి తెలుస్తుంది.

సమస్య: ఎంత కడిగినా ఏదో వాసన

అగరొత్తులు, రూమ్ స్ప్రే తర్వాత. గది మీకంటే ముందు కొన్ని వారాలు ఖాళీగా ఉందా అడగండి. బాత్రూమ్ నేల జాలీ కింద వంపు గొట్టంలో నీళ్లు నిలిచి మురుగు గాలిని ఆపుతాయి, వాడకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ప్రతి జాలీలో లీటరు నీళ్లు పోసి, బేసిన్ కుళాయి అరనిమిషం వదిలి, గంట ఆగి వాసన చూడండి. అరుదుగా వాడే జాలీలో నీళ్ల మీద చెంచాడు వంటనూనె వేస్తే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. నీళ్లు పోశాక కూడా మురుగు వాసనే వస్తుంటే గొట్టంలో లోపం, యజమానికి చెప్పండి. మురుగుది కాకుండా తడి వాసనైతే ఉతికిన బట్టలు మూసిన గదిలో ఆరేస్తున్నారేమో చూసుకోండి.

మిగతావి, త్వరగా

ఫ్లాటు పంచుకుంటున్నారా? పొద్దున్న ఎవరు ఎన్నింటికి లేస్తారు, గొంతు సాధన ఎప్పుడు, ఎక్కడ అన్నది మొదటి రోజే తేల్చుకోండి. స్టేజీ మేనేజరు వేళలకీ నటుల వేళలకీ ఎప్పుడూ పొంతన ఉండదు.

ఫ్రిజ్ రాత్రిళ్లు గుర్రుమంటుంటే కింది కాళ్లు తిప్పి సమం చేసి, గోడకి నాలుగు వేళ్లు ఎడంగా జరపండి. పరుపు కుట్టు అంచుల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే అవి నల్లుల గుర్తులు కావచ్చు, నల్లులు అలంకరణతో పోయేవి కావు, గది మార్పించుకోండి. గదంతా సరిగ్గా ఉండి, రెండు వారాలు దాటినా తిండి సహించక, నిద్ర రాక, షో మీద కూడా మనసు నిలవకపోతే తప్పు గదిలో లేదు, డాక్టర్ని కలవండి.